హనుమకొండ, వరంగల్, కాజీపేట నుంచి శివారుకు రోజూ అప్‌డౌన్: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ వచ్చిందంటే మా ఆఫీసులో కొత్త ముఖాలు కనిపిస్తాయి. చేరిన రెండో రోజో మూడో రోజో టీ దగ్గర అందరూ అడిగేది ఒక్కటే: "అన్నా, రోజూ ఎట్ల వస్తున్నవ్?" నా ఇల్లు కిషన్‌పురలో. ఉద్యోగం ఎర్రగట్టుగుట్ట దాటాక. పదకొండేళ్లుగా బస్సు, షేరింగ్ ఆటో, అప్పుడప్పుడూ బండి, ఇట్లా తిరుగుతున్నాను. ఒకే జవాబు వందసార్లు చెప్పే బదులు రాసిపెడితే నయం అనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. చార్జీలు మారుతూనే ఉంటాయి కాబట్టి నేను లెక్క కోసం వేసుకున్న అంకెల స్థానంలో మీ దారిలో నడుస్తున్న రేటు పెట్టుకోండి.

## ఇల్లో ఉద్యోగమో ఖాయం చేసుకునే ముందు

వరంగల్‌లో మెట్రో, లోకల్ రైలు లాంటివి ఏమైనా ఉన్నాయా?

లేవు. మెట్రో నియో అని పేపర్లో చదవడమే తప్ప రోడ్డు మీద చూసింది లేదు. మనకున్నవి ఆర్టీసీ లోకల్ బస్సులు, ఊరు దాటి పోయే పల్లెవెలుగు బస్సులు, షేరింగ్ ఆటోలు, కాజీపేట, వరంగల్ స్టేషన్ల మీదుగా పోయే రైళ్లు. ఫోన్‌లో బుక్ చేసే ఆటో, బైక్ ట్యాక్సీ కూడా ఉన్నాయి గానీ నెలంతా వాటి మీదే తిరిగితే జీతంలో పెద్ద ముక్క పోతుంది. అవి ఆలస్యమైన రోజుకు, ఒంట్లో బాగాలేని రోజుకు.

నేను ఈ ఊరికి కొత్త. ఏ శివారుకు ఏ రోడ్డో అర్థం కావట్లేదు, సింపుల్‌గా చెప్పరా?

వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి, ఐదు రోడ్లు. మొదటిది కరీంనగర్ రోడ్డు. హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్, కేయూసీ క్రాస్, భీమారం, ఎర్రగట్టుగుట్ట, హసన్‌పర్తి. ఇంకా ముందుకు పోతే ఎల్కతుర్తి, హుజూరాబాద్. రెండోది ములుగు రోడ్డు. ఆరెపల్లి మీదుగా గుడెప్పాడ్ పోతుంది, అక్కడ పరకాల దారి విడిపోతుంది. మూడోది నర్సంపేట రోడ్డు. గొర్రెకుంట, ధర్మారం ఈ రోడ్డు మీదే. గీసుగొండ, సంగెం మండలాల్లో ఉన్న కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పోయేవాళ్లు కూడా ఈ వైపే చూసుకోవాలి. నాలుగోది ఖమ్మం రోడ్డు. రంగశాయిపేట, మామునూరు, ఆ తర్వాత వర్ధన్నపేట. ఐదోది హైదరాబాద్ రోడ్డు. కాజీపేట, మడికొండ, రాంపూర్, స్టేషన్ ఘన్‌పూర్.

మొదటి రెండు, ఐదో రోడ్డుకు హనుమకొండ బస్టాండు వైపు ఇల్లుంటే సుఖం. నర్సంపేట, ఖమ్మం రోడ్లకు వరంగల్ స్టేషన్ వైపు ఉంటే సుఖం. ఇది తెలియక కాజీపేటలో ఇల్లు తీసుకుని రోజూ గొర్రెకుంట పోయేవాళ్లను చూశాను. వాళ్లు ప్రతి ఉదయం మూడు ఊళ్లు దాటాలి. హనుమకొండ నుంచి వరంగల్ ఆరేడు కిలోమీటర్లే అయినా ఆఫీసు టైంలో ఆ దూరం దూరంలా ఉండదు.

ఇల్లు సెంటర్‌లో తీసుకోవాలా, ఆఫీసు దగ్గర శివారులోనా?

ఇంట్లో ఇంకెవరెవరు బయటికి పోతారన్నదాన్ని బట్టి చూసుకోవాలి. పిల్లల స్కూలు, ఆస్పత్రి, మార్కెట్, ఇంకొకరి ఉద్యోగం సెంటర్‌లో ఉంటే మీరొక్కరు శివారుకు పోయి రావడమే మేలు. మీరు ఒంటరి మనిషై ఉద్యోగం తప్ప వేరే పని లేకపోతే ఆఫీసు పక్కనే గది చూసుకోండి, ఈ పేజీ మొత్తం చదివే పని తప్పుతుంది.

సెంటర్ నుంచి శివారుకు పోవడంలో ఒక లాభం ఉంది. పొద్దున ఊళ్ల నుంచి నగరానికి వచ్చే బస్సు నిండుగా వస్తుంది, తిరిగి పోయేటప్పుడు మాత్రం కాస్త ఖాళీగా పోతుంది. అందరూ వస్తుంటే మీరు ఎదురు పోతారన్నమాట. కానీ హసన్‌పర్తి రోడ్డులో ఈ లాభం సగమే దక్కుతుంది. ఇంజనీరింగ్ కాలేజీలు అటే ఉండడంతో 8:30 నుంచి 9:30 దాకా బ్యాగులు భుజాన వేసుకున్న పిల్లలే బస్సంతా. ఎనిమిదింటికే బయటపడితే సీటు దొరుకుతుంది.

"మెయిన్ రోడ్డుకు దగ్గరే" అంటున్నాడు బ్రోకర్. నమ్మొచ్చా?

బ్రోకర్ బండి మీద వచ్చి చూపిస్తాడు, కాబట్టి ఆయనకు దగ్గరే. మీరు నడిచి చూడండి. పగలు కాదు, రాత్రి ఏడున్నరకు. వీధి దీపాలు వెలుగుతున్నాయా, మలుపు దగ్గర కుక్కలు ఎన్ని, వాన పడితే మట్టిరోడ్డు ఏమవుతుంది, ఇవన్నీ ఆ ఒక్క నడకలో తెలిసిపోతాయి. పది నిమిషాల నడక వరకు పరవాలేదు. పదిహేను దాటితే మొదటి నెల "వాకింగ్ అయితది లే" అనుకుంటారు, రెండో నెల నుంచి రోజూ లోపలికి ఆటో ఎక్కుతారు. ఆ డబ్బు కూడా అద్దెలో కలిపి చూసుకోవాలి.

రెండు బండ్లు మారాల్సి వస్తుంది. అట్లాంటి ఉద్యోగం ఒప్పుకోవచ్చా?

మారేచోట ఎంతసేపు నిలబడాలో చూసుకుని ఒప్పుకోండి. పది కిలోమీటర్ల ప్రయాణం బస్సులో అరగంట అనుకుందాం. మధ్యలో కేయూసీ క్రాస్ దగ్గర దిగి ఇంకో బండికి ఇరవై నిమిషాలు చూస్తే యాభై నిమిషాలు. ఒంటిని అలసగొట్టేది కూర్చున్న అరగంట కాదు, నిలబడ్డ ఇరవై నిమిషాలే. మారే చోటు పెద్ద సెంటర్ అయి, బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే రెండు మారినా ఇబ్బంది లేదు. మారాక ఎక్కాల్సిన బస్సు గంటకొకటి అయితే మాత్రం ఆ ఒక్క బస్సు చుట్టూనే మీ రోజు తిరుగుతుంది.

ఒక పని చేయండి. చేరకముందే ఒక మామూలు పనిరోజున, ఆదివారం కాకుండా, సాయంత్రం ఆఫీసు విడిచే టైంకి అక్కడికి పోయి ఇంటికి తిరిగి రండి. పొద్దున పోయే బండి ఎట్లాగైనా దొరుకుతుంది. చీకటి పడ్డాక తిరిగొచ్చే బండి సంగతేంటో తెలిశాకే ఏ దారి, ఏ బండి అని తేల్చుకోవాలి.

## బస్సు ఎక్కేవాళ్లకు

లోకల్ బస్సు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్... ఏది ఎక్కాలి?

లోకల్ బస్సు నగరంలోనే తిరుగుతుంది, దాదాపు ప్రతి స్టేజీలో ఆగుతుంది. పల్లెవెలుగు ఊరు దాటి మండలాలకు పోతుంది, దారిలో శివారు స్టేజీల్లోనూ ఆగుతుంది. మనలాంటి వాళ్లకు అసలు ఆసరా ఇదే. హసన్‌పర్తి పోయేవాళ్లు "హసన్‌పర్తి" బోర్డు కోసమే చూస్తూ నిలబడతారు, కళ్లముందు హుజూరాబాద్ వైపు పోయే పల్లెవెలుగు పోతున్నా ఎక్కరు. బోర్డు మీద మీ ఊరి పేరే వెతక్కుండా, అదే రోడ్డులో ఇంకా ముందున్న ఊళ్ల పేర్లు కూడా నేర్చుకోండి. అప్పుడు మీకు దొరికే బస్సులు రెట్టింపవుతాయి.

ఎక్స్‌ప్రెస్ మాత్రం అడిగి ఎక్కాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఖాళీ సీటు చూసి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. "ఎర్రగట్టు దగ్గర ఆగదు సార్" అని కండక్టర్ ఎక్కేటప్పుడే అన్నాడు, నేను చెవిన పెట్టలేదు. మా ఆఫీసు గేటు, గేటు ముందు చాయ్ బండి, అక్కడ నిలబడ్డ మా సూపరింటెండెంట్ గారు, అన్నీ కిటికీలోంచి వెనక్కి పోయాయి. ఆయన నన్ను చూశారు కూడా. తిరిగి వచ్చేసరికి రిజిస్టర్‌లో ఎర్ర గీత పడింది.

ఆడవాళ్లకు ఫ్రీ కదా, ఏ బస్సుల్లో? ఏం చూపించాలి?

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి ఉంది. తెలంగాణలో ఉండే ఆడపిల్లలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేకుండా తిరగొచ్చు. సిటీ ఆర్డినరీ బస్సులకూ వర్తిస్తుంది. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని బస్సుల్లో వర్తించదు.

ఫ్రీ అయినా జీరో టికెట్ తీసుకోవాల్సిందే. చెకింగ్ వచ్చినప్పుడు అది చేతిలో ఉండాలి. ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, తెలంగాణ అడ్రస్ ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. జిరాక్సు, ఫోన్‌లో తీసిన ఫొటో పట్టుకుని వాదించే పని పెట్టుకోవద్దు. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కాబట్టి అది పనికిరాదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరినవాళ్లు ముందు ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోవాలి.

నేను మగవాణ్ని. నెల పాస్ తీసుకుంటే లాభమేనా?

బస్‌పాస్ కౌంటర్‌లో మీ దారికి ఏ పాస్ ఉందో, ఎంతో అడగండి. ఆ మొత్తాన్ని మీ ఒకవైపు టికెట్ ధరతో భాగించండి. ఎన్ని సార్లు తిరిగితే పాస్ డబ్బు తిరిగొస్తుందో తెలుస్తుంది. నెలకు 25 రోజులు, రోజుకు రెండుసార్లు అంటే 50 ట్రిప్పులు. వచ్చిన సంఖ్య 35 లోపుంటే కళ్లు మూసుకుని తీసుకోండి. 45 దగ్గరుంటే వద్దు. సెలవులు, ఆలస్యమై ఆటో ఎక్కిన రోజులు, స్నేహితుడి బండి మీద వచ్చిన రోజులు తీసేస్తే ఎవరికీ 50 నిండవు. ఇంకొకటి, పాస్ ఏ రకం బస్సుకు చెల్లుతుందో అక్కడే అడిగి తెలుసుకోండి. చేతిలో పాస్ పెట్టుకుని అది చెల్లని బస్సుల్ని వదులుకుంటూ నిలబడితే ఇంటికి చేరేది ఎప్పుడు?

బస్సు ఎప్పుడొస్తుందో ముందే ఎట్లా తెలుసుకోవాలి?

ఆర్టీసీ 2023లో గమ్యం అనే యాప్ తెచ్చింది. బస్సు ఎక్కడుందో అందులో చూడొచ్చు. నేను చూస్తాను, కానీ దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడను. బస్టాండులో కంట్రోలర్ దగ్గరికి పోయి "సార్, సాయంత్రం హసన్‌పర్తి మీదుగా ఏమేం పోతాయి" అని మర్యాదగా అడిగితే టైములు చెప్తారు. ఒక చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి.

అన్నిటికన్నా నమ్మకమైనది రోజూ అదే స్టేజీలో నిలబడే మనుషులు. మా స్టేజీలో ఒక టీచరమ్మ ఉంది. ఆమె సంచి భుజానికి వేసుకుందంటే రెండు నిమిషాల్లో బస్సు వస్తుంది. ఆమె కూర్చుని పల్లీలు తింటోందంటే మేమంతా కూర్చుంటాం.

నైట్ హాల్ట్ బస్సు అంటే ఏమిటి? మనకేం ఉపయోగం?

సాయంత్రం చివరి ట్రిప్పుగా ఏదో ఊరికి పోయి, రాత్రి అక్కడే ఆగి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా తిరిగొచ్చే బస్సు. డ్రైవర్, కండక్టర్ ఆ ఊళ్లోనే పడుకుంటారు. ఉదయం షిఫ్టు వాళ్లకు, తెల్లవారుజామున రైలు అందుకోవాల్సిన వాళ్లకు ఇది బంగారం. మీరు ఉండే శివారు దాటి ఏ ఊరికి నైట్ హాల్ట్ పోతుందో కనుక్కోండి. మామూలు బస్సులు అయిపోయాక కూడా అది దారిలో మిమ్మల్ని దింపిపోతుంది.

చిల్లర గొడవ లేకుండా ఏం చేయాలి?

కొన్ని బస్సుల్లో ఫోన్‌తో కట్టొచ్చు, అన్నింటిలోనూ కుదురుతుందనుకుని ఎక్కొద్దు. పది నోట్లు, ఇరవై నోట్లు వారానికి సరిపడా ఆదివారమే విడిపించి పెట్టుకోండి. పొద్దున 8 గంటలకు 500 నోటు ఇస్తే ఏ కండక్టర్‌కైనా ముఖం మాడుతుంది.

## షేరింగ్ ఆటో ఎక్కేవాళ్లకు

షేరింగ్ ఆటో ఎక్కడ ఎక్కాలి? త్వరగా కదిలేది ఏదో ఎట్లా తెలుస్తుంది?

హనుమకొండ చౌరస్తా, కేయూసీ క్రాస్, కాజీపేట చౌరస్తా, వరంగల్ స్టేషన్ ముందు, పోచమ్మమైదాన్, ములుగు రోడ్డు. ఇట్లా పెద్ద సెంటర్లన్నింటిలో దారిని బట్టి వరుసలో నిలబడి ఉంటాయి. నిండితేనే కదులుతాయి. డ్రైవరన్న ఒక కాలు బయటపెట్టి "హసన్‌పర్తి, హసన్‌పర్తి, ఒక్కరే ఒక్కరు" అని అరుస్తుంటాడు. ఒక్కరే అంటే కనీసం ఇద్దరు ఎక్కాలని అర్థం. అతని మాట కాకుండా లోపల సీటు చూడండి. లోపలివాళ్లు ఫోన్‌లో మాట్లాడుకుంటూ తీరిగ్గా కూర్చుంటే ఇంకా టైముంది. బయటికి తొంగిచూస్తూ "పోదాం పోనియ్ అన్నా" అంటుంటే అది కదలబోతోంది.

ఇంకో కిటుకు. ఖాళీ ఆటోలో ఎక్కి నిండేదాకా కూర్చునే బదులు సెంటర్ నుంచి వంద అడుగులు ముందుకు నడిచి నిలబడండి. బయలుదేరాక ఒక సీటు మిగిలిన ఆటో మిమ్మల్ని ఎక్కించుకుని ఆగకుండా పోతుంది. సీటు మాత్రం అంచు మీదే.

చార్జీ ముందే అడగాలా? అడిగితే కొత్తవాళ్లని ఎక్కువ చెప్తారేమో?

షేరింగ్ ఆటోకు దూరాన్ని బట్టి ఊరంతా తెలిసిన రేటు ఉంటుంది. మీటర్ మాటే లేదు. పక్కన కూర్చున్న అక్కనో తాతనో "ఎర్రగట్టుకు ఎంత తీసుకుంటున్నరు" అని అడగండి, నిజం చెప్తారు. దిగేటప్పుడు సరిపడా నోటు చేతిలో పెట్టి దిగండి. మొత్తం ఆటో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఎక్కకముందే రేటు ఖాయం చేసుకోవాలి. "మీకు తెలియందేముంది సార్, ఎంతిచ్చినా సరే" అన్నాడంటే అస్సలు ఎక్కొద్దు.

ముందు డ్రైవర్ పక్కన కూర్చోమంటున్నాడు. పరవాలేదా?

వద్దు. మామూలు ఆటోకు డ్రైవర్ కాక ముగ్గురికే అనుమతి. డ్రైవర్ పక్కన అసలు సీటే లేదు, ఉన్నది అతని సీటులో మిగిలిన జానెడు చెక్క. సగం ఒళ్లు రోడ్డు మీదే ఉంటుంది. కరీంనగర్ రోడ్డులో లారీ రాసుకుంటూ పోయినప్పుడు ఆ గాలికే తెలుస్తుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. నేనూ కొత్తలో కూర్చున్నవాణ్నే. ఒకసారి స్పీడ్ బ్రేకర్ దగ్గర చెప్పు జారి రోడ్డు మీద పడింది, దాని బదులు నేనే పడేవాణ్ని కదా అనిపించింది. ఆ తర్వాత ఎంత ఆలస్యమైనా ముందు కూర్చోలేదు.

గిరాకీ లేదని మధ్యలోనే దింపేస్తే?

ఎక్కేటప్పుడే "చివరిదాకా పోతవా అన్నా" అని అడగడం అలవాటు చేసుకోండి. మధ్యలో దింపితే అక్కడిదాకా అయిన డబ్బే ఇవ్వండి. వెనక వచ్చే ఆటోకు మిమ్మల్ని అప్పగించి, డబ్బులు వాళ్లిద్దరే పంచుకోవడం ఇక్కడ మామూలే. అట్లా అయితే కొత్తగా పైసలు ఇవ్వాల్సిన పని లేదు.

## రైలు గురించి

కాజీపేట నుంచి వరంగల్‌కు రైల్లో పోతే త్వరగా పోతాం కదా?

బోగీలో కూర్చున్నాక త్వరగానే. రెండు స్టేషన్ల మధ్య సుమారు 10 కిలోమీటర్లు, కునుకు తీసే టైం కూడా ఉండదు. కానీ స్టేషన్‌కు చేరాలి, టికెట్ తీసుకోవాలి, ప్లాట్‌ఫాం దాటాలి, రైలు టైంకి రావాలి, దిగాక మళ్లీ ఆటో ఎక్కాలి. అంతలో బస్సులో పోయినవాడు టిఫిన్ చేసి ఉంటాడు. ఇల్లూ ఆఫీసూ రెండూ స్టేషన్లకు నడిచేంత దగ్గర ఉంటేనే ఆలోచించండి. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో కనీస చార్జీ ప్యాసింజర్ రైలు కన్నా ఎక్కువని కూడా గుర్తుంచుకోండి.

జనగామ, జమ్మికుంట, మహబూబాబాద్ అప్‌డౌన్ చేసేవాళ్లకు సీజన్ టికెట్ మంచిదా?

వాళ్లకు అంతకన్నా మంచిది లేదు. రైల్వే నెల సీజన్ టికెట్ ధర సుమారు 15 సింగిల్ టికెట్లంత. మీరు తిరిగేది 50 సార్లు. మూడు నెలలది తీసుకుంటే మూడు రెట్లు కాదు, 2.7 రెట్లే. 150 కిలోమీటర్ల వరకే ఇస్తారు. జనగామ హైదరాబాద్ లైన్‌లో, జమ్మికుంట బల్హార్షా లైన్‌లో, మహబూబాబాద్ విజయవాడ లైన్‌లో, మూడూ ఆ దూరం లోపలే.

దాంతో ఎక్కాల్సింది జనరల్ బోగీలో. రిజర్వేషన్ బోగీలో కూర్చుని సీజన్ టికెట్ చూపిస్తే టీసీ ఒప్పుకోడు. సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనపు చార్జీ కట్టాలి. వందేభారత్‌లో జనరల్ బోగీయే లేదు కాబట్టి ఆ మాటే లేదు. గుర్తింపు కార్డు వెంట ఉండాలి. హసన్‌పర్తి రోడ్, పెండ్యాల లాంటి చిన్న స్టేషన్ల దగ్గర ఉండేవాళ్లు అక్కడ ఏ రైళ్లు ఆగుతాయో ముందు చూసుకోవాలి. రైలు పట్టాలు ఇంటి పక్కనే ఉన్నాయని సంబరపడితే రైళ్లు కూతేసి పోతుంటాయి.

## డబ్బు లెక్క

ఇదంతా ఎందుకు, స్కూటీ కొనేస్తే అయిపోదా?

పెట్రోలు లెక్క చూద్దాం. ఒకవైపు 10 కిలోమీటర్లు, రోజుకు 20, నెలకు 25 రోజులు, అంటే 500 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 11 లీటర్ల పైన పడుతుంది. లీటరు 107 రూపాయలు వేసుకున్నా నెలకు దాదాపు 1,200. షేరింగ్ ఆటోలో ఒకవైపు 20 అనుకుంటే నెలకు 1,000. లోపలికి ఇంకో 10 ఇవ్వాల్సిన చోటైతే 1,500. అట్లాంటి చోటుకు పెట్రోలు ఒక్కటే చూస్తే బండే గెలిచినట్టు కనిపిస్తుంది. సర్వీసింగ్, టైర్లు, ఇన్సూరెన్స్, ఈఎంఐ కలిపితే తిరగబడుతుంది.

కానీ బండి కొనేవాళ్లు డబ్బు కోసం కొనరు, టైం కోసం కొంటారు. అందులో తప్పులేదు. నేను చెప్పేది ఏమిటంటే మొదటి మూడు నెలలు బస్సులో, ఆటోలో తిరిగి చూసి ఆ తర్వాత కొనండి. మా ఆఫీసులో సగం మంది వారానికి మూడు రోజులు బండి, మూడు రోజులు బస్సు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకే రోడ్డులో పోయేవాళ్లయితే లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ఆమెకు బస్సు ఫ్రీ, ఆయన బండికి 1,200. మా ఇంట్లో దీని మీద రోజూ ఒక మాట పడుతూనే ఉంటుంది.

బైక్ ట్యాక్సీ రోజూ వాడితే?

ఒక నెల బుక్ చేసి మొత్తం కూడి చూడండి, మీరే మానేస్తారు. వాన పడిన సాయంత్రం రేటు ఎంత చూపిస్తుందో కూడా అందులో రాసుకోండి. స్టేజీ నుంచి లోపలికి రెండు కిలోమీటర్లకైతే ఫరవాలేదు. మడికొండ ఐటీ పార్కు లాంటి హైవే నుంచి లోపలికి ఉన్న చోట్లకు ఇద్దరు ముగ్గురు కలిసి ఆటో మాట్లాడుకోవడం చవక.

## వాన, జాతర, రాత్రి

వానాకాలంలో ఏ దారులు ఇబ్బంది?

2020 ఆగస్టులో, 2023 జులైలో వచ్చిన వానలు ఈ ఊరు మరిచిపోదు. నయీంనగర్ నాలా పొంగితే హనుమకొండ నుంచి కరీంనగర్ రోడ్డు ఎక్కడమే కష్టం. హంటర్ రోడ్డు పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. వరంగల్ స్టేషన్ నుంచి శివనగర్ పోయే అండర్‌బ్రిడ్జి కింద గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. అటు పోయే ఆటోలు చుట్టు తిరిగి పోతాయి, లేదా అసలు పోవు.

గట్టి వాన రోజున ఆటో కన్నా బస్సు నమ్మకం. ఎత్తుగా ఉంటుంది, ఇంజన్‌లోకి నీళ్లు తొందరగా పోవు, ఎక్కడైనా ఆగినా నెత్తి మీద కప్పు ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికే మబ్బులు కమ్మితే పై సార్‌ని అడిగి అరగంట ముందే బయలుదేరండి. ఆఫీసులో ఒక జత పాత చెప్పులు, ఒక టవల్ ఎప్పుడూ ఉంచుకోండి.

మేడారం జాతర టైంలో బస్సులు దొరకవంటారు, నిజమా?

నిజమే. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వచ్చినప్పుడు బస్సుల్లో చాలా భాగం మేడారం దారి పడతాయి. మన లోకల్ ట్రిప్పులు తగ్గుతాయి. ములుగు రోడ్డులో ఉద్యోగం చేసేవాళ్లకైతే ఆ వారమంతా రోడ్డే జాతర. వీలైతే ఆ నాలుగు రోజులకు సెలవు దాచిపెట్టుకోండి. ఎట్లాగూ మీ ఇంటివాళ్లు బంగారం, అంటే అమ్మవార్లకు ఇచ్చే బెల్లం, ఎత్తుకుని బయలుదేరుతారు, ఉత్త సెలవు పోదు.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరప్పుడు వర్ధన్నపేట వైపు రద్దీ. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట చుట్టుపక్కల బండి కదలదు. ఆ రోజు మధ్యాహ్నమే ఇల్లు చేరండి. మిర్చి సీజన్‌లో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఏనుమాముల మార్కెట్ దారిలో పొద్దున్నే బస్తాల బండ్లు బారులు తీరతాయి. ఆ దారి తప్పించుకోలేకపోతే కర్చీఫ్ ఉంచుకోండి, ఘాటుకు తుమ్ములు ఆగవు.

కాజీపేట వైపు పోవడానికి రోజూ ఎంత ముందు బయలుదేరాలి?

ఫాతిమానగర్ బ్రిడ్జికి అదనంగా పావుగంట వేసుకోండి. అంతే.

రాత్రి ఒంటరిగా ఆటో ఎక్కాలంటే భయంగా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆడపిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, అడగడం మంచిదే. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ అనే సేవ మొదలుపెట్టారు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి 8 నొక్కితే ఇల్లు చేరేదాకా మీ ప్రయాణాన్ని గమనిస్తారు. యాప్ లేకపోయినా పనిచేస్తుంది. ఎక్కేముందు ఆటో నంబరు ఫొటో తీసి ఇంటికి పంపండి. డ్రైవర్ చూసేలాగే తీయండి, దాచి తీయాల్సిన పనిలేదు. మంచివాడు ఏమీ అనుకోడు.

ఇంకా మంచిది, సెంటర్‌లో నలుగురున్న ఆటో ఎక్కడం, స్టేజీలో వెలుతురున్న దుకాణం ముందు దిగడం. మా ఆఫీసులో ఆడవాళ్లు ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఆలస్యమైన రోజు అందరూ ఒకే బస్సుకు పోతారు, ఇల్లు చేరగానే "చేరిన" అని మెసేజ్ పెడతారు. ఒకరి మెసేజ్ రాకపోతే మిగిలినవాళ్లు నిద్రపోరు.

లాస్ట్ బస్సు పోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ స్టేజీలో ఒంటరిగా నిలబడటం మానండి. తెరిచి ఉన్న హోటల్, మెడికల్ షాపు, పెట్రోల్ బంకు ఏదైనా సరే, వెలుతురులోకి పోండి. కరీంనగర్, హైదరాబాద్ వైపుల నుంచి వచ్చే బస్సులు రాత్రి పొద్దుపోయేదాకా నగరంలోకి వస్తూనే ఉంటాయి. శివారు స్టేజీలో ఆగకపోయినా పెద్ద క్రాస్‌రోడ్డు దగ్గర చెయ్యెత్తితే ఆపే డ్రైవర్లు ఉంటారు. అందుకే ఒక స్టేజీ వెనక్కో ముందుకో ఉన్న పెద్ద సెంటర్‌కు చేరడం చూడండి.

అదీ కుదరకపోతే యాప్‌లో ఆటో బుక్ చేయండి, రేటు చూసి బాధపడొద్దు. పగలంతా బస్సులో తిరిగి మిగిల్చిన డబ్బు ఇట్లాంటి రాత్రికే. రోజూ మీరు ఎక్కే ఆటో అన్నల్లో ఒకరిద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని ఉంచుకోండి. నా ఫోన్‌లో ఒకాయన పేరు "భీమారం అన్న" అని ఉంది. అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. రాత్రి పదిన్నరకు ఫోన్ చేసినా "ఎక్కడున్నవ్ సారూ, వస్తున్న ఉండు" అంటాడు.